విండోస్, లినక్స్ సర్వర్ల మధ్య ఫైళ్లు పంచుకోవాలంటే: 777 కొట్టే ముందు ఇది చదువు

తమ్మీ, నువ్వు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. వరంగల్ దగ్గర జిన్నింగ్ మిల్లు. ఆఫీసులో విండోస్ సర్వర్ 2019, దాంట్లో టాలీ. కాంటా రూములో ఉబుంటు 22.04, దాంట్లో లారీ కాంటా ఎక్కినప్పుడల్లా కెమెరా తీసే ఫొటోలు, తూకం చిట్టీలు. మూలన ఒక పాత సెంట్‌ఓఎస్ 7 డబ్బా, బ్యాకప్ కోసం. ఉబుంటులో ఎన్‌ఎఫ్‌ఎస్ (యూనిక్స్, లినక్స్ మెషీన్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి) పెట్టి, విండోస్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ఆన్ చేసి మౌంట్ చేశావు, అంటే ఆ ఫోల్డర్‌ను విండోస్‌కు తగిలించావు. ఫైళ్లు కనిపిస్తున్నాయి గాని రాయబోతే యాక్సెస్ డినైడ్. విసుగొచ్చి ఫోల్డర్‌కు 777 (అందరికీ అన్ని హక్కులూ) కొడితే రాసింది, కానీ అలా రాసిన ఫైళ్లను ఇప్పుడు ఉబుంటులోని ప్రోగ్రాం మార్చలేకపోతోంది. పైగా రైతుల పేర్లతో ఉన్న తెలుగు ఫైళ్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ మంచిదా, సాంబా మంచిదా అని అడిగావు.

సూటిగా చెప్తా. ఒక పక్క విండోస్ ఉందంటే సాంబా పెట్టు. రెండు పక్కలా లినక్సే అయితే ఎన్‌ఎఫ్‌ఎస్. నీ పనికి సాంబా. కానీ అది పెట్టగానే నీ బాధలు తీరుతాయనుకోకు, ఎందుకంటే నీ అసలు సమస్య ప్రోటోకాల్ కాదు, ఈ ఫైలు ఎవరిది అన్న ప్రశ్నకు నీ రెండు సర్వర్లు రెండు వేరే జవాబులు చెప్తున్నాయి. అది తేల్చకుండా ఏం పెట్టినా మళ్లీ 777 దగ్గరికే వస్తావు.

ఎందుకలా అంటే ఈ రెండూ పుట్టిన ఇళ్లు వేరు. ఎన్‌ఎఫ్‌ఎస్ 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తెచ్చింది. అప్పట్లో యూనిక్స్ మెషీన్లన్నీ ఒకే అడ్మిన్ చేతిలో ఉండేవి, అందుకని సర్వర్ క్లయింట్ మెషీన్‌ను నమ్మేస్తుంది. క్లయింట్ వచ్చి "నేను యూజర్ నంబర్ 1001" అంటే, సరే, 1001వి అని ఒప్పుకుంటుంది. పాస్‌వర్డ్ లేదు, పేరు కూడా లేదు, ఉత్త నంబర్. ఎవరు ఎవరో నిర్ధారించే కెర్బెరాస్ కట్టుకుంటే వేరే లెక్క, కానీ మిల్లులో అదెవరు కడతారు. ఇక ఎస్‌ఎంబీ, అంటే విండోస్ ఫైళ్లు పంచుకునే భాష, 1980ల్లో ఐబీఎంలో డాస్ పీసీల కోసం మొదలై మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. అది మెషీన్‌ను కాదు, మనిషిని అడుగుతుంది: నీ పేరేంటి, పాస్‌వర్డేంటి. సాంబా అంటే ఆ ఎస్‌ఎంబీ భాషను లినక్స్ చేత మాట్లాడించే ప్రోగ్రాం. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుకుంటూ, 1990ల మొదట్లో, తీగ మీద పోయే ప్యాకెట్లను చూసి చూసి ఆ భాషను పట్టుకున్నాడు. ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్‌లోని పదాల జాబితా వెతికితే సాంబా అని దొరికిందట, అదే పేరు పెట్టాడు. మన సాంబారుకు దానికీ ఏ సంబంధం లేదు, కొత్తగా చేరిన పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు నీ దగ్గర జరిగింది చూడు. విండోస్‌లో లినక్స్ యూజర్ నంబర్లు ఉండవు. మ్యాపింగ్ ఏమీ చెప్పకపోతే విండోస్ ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ "నేను మైనస్ 2" అని చెప్పుకుంటుంది, లినక్స్‌లో అది 4294967294 అయి కూర్చుంటుంది. ఉబుంటులో ఆ ఫోల్డర్ లిస్ట్ తీసి చూడు, ఓనర్ కాలమ్‌లో ఆ పొడుగు నంబర్ ఉంటుంది. ఆ నంబర్ మనిషికి నీ ఫోల్డర్‌లో హక్కు లేదు కాబట్టి రాయనివ్వలేదు. 777 కొట్టావు, ఎవడైనా రాయొచ్చు అన్నావు, రాశాడు. రాసిన ఫైలు మాత్రం వాడి పేరు మీదే ఉంది, అందుకే నీ కెమెరా ప్రోగ్రాం దాన్ని తాకలేకపోతోంది. తెలుగు పేర్ల సంగతి కూడా అక్కడిదే. విండోస్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ వెర్షన్ 3 వరకే మాట్లాడుతుంది, ఫైళ్ల పేర్లను యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) కాకుండా పాత కోడ్‌పేజీల్లో చదువుతుంది. అది తెలుగును సరిగ్గా చూపించే ఆశ పెట్టుకోకు. ఎస్‌ఎంబీలో పేర్లు యూనికోడ్‌లోనే పోతాయి, సాంబా వాటిని యూటీఎఫ్-8గా డిస్క్ మీద పెడుతుంది, సెట్టింగ్ ఏమీ ముట్టుకోనక్కర్లేదు.

ఇక సాంబా ఎలా పెట్టాలి. ఫైళ్లు ఎక్కువగా ఎక్కడ పుడుతున్నాయో అదే మెషీన్ షేర్ ఇవ్వాలి, నీ దగ్గర అది ఉబుంటు. కాంటా అని ఒక గ్రూప్ తయారు చెయ్యి. ఆఫీసులో ఈ ఫైళ్లు చూసే ప్రతి మనిషికీ ఉబుంటులో ఒక యూజర్, షెల్ (నేరుగా లాగిన్ అయి కమాండ్లు కొట్టే వీలు) ఇవ్వకుండా. ఆ తర్వాత సాంబా పాస్‌వర్డ్ వేరేగా పెట్టాలి, ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ (smbpasswd) కమాండ్‌తో. లినక్స్ పాస్‌వర్డ్ ఉంటే చాలనుకుని ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ, ఆ రెండూ వేరు వేరు ఖాతాలు. ఫోల్డర్‌ను ఆ గ్రూప్‌కు ఇచ్చి మోడ్ 2770 పెట్టు. ముందున్న ఆ 2 ముఖ్యం, దానివల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ పుట్టించినవాడి సొంత గ్రూప్‌కు కాకుండా కాంటా గ్రూప్‌కే పోతుంది. సాంబా కాన్ఫిగ్‌లో ఆ షేర్ కింద వ్యాలిడ్ యూజర్స్ దగ్గర కాంటా గ్రూప్, ఫోర్స్ గ్రూప్ కూడా అదే, క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770. సేవ్ చేశాక టెస్ట్‌పార్మ్ నడుపు, అక్షరం తప్పు పోతే చెప్తుంది.

ఇంతవరకు అందరూ చెప్తారు. ఇక్కడ ఒకటి మర్చిపోతారు: ఆ మాస్కులు సాంబా ద్వారా వచ్చే ఫైళ్లకే. నీ కెమెరా ప్రోగ్రాం ఉబుంటులోనే నేరుగా డిస్క్ మీద రాస్తుంది కదా, దానికి సాంబా అనేది ఒకటుందని కూడా తెలియదు. దాని యూజర్‌ను కాంటా గ్రూప్‌లో చేర్చి, సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో యూమాస్క్ (కొత్త ఫైలుకు ఏ హక్కులు తీసెయ్యాలో చెప్పే అంకె) 0002 పెట్టు. లేకపోతే అది తీసిన ఫొటోలను ఆఫీసువాళ్లు చూడగలరు, పేరు మార్చగలరు కూడా, కానీ లోపల సవరించి సేవ్ చెయ్యబోతే మళ్లీ యాక్సెస్ డినైడ్, మళ్లీ నువ్వు పరేషాన్. పాత ఫైళ్లకు ఒక్కసారి ఓనర్, గ్రూప్, మోడ్ అన్నీ సరిచేసి ఆ 777 తీసెయ్యి. విండోస్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ కూడా తీసెయ్యి. రెండు దారులూ తెరిచి ఉంచితే ఎవరో ఒకరు పాత దారిలోనే వస్తారు.

విండోస్ పక్కన మూడు చోట్ల తగులుతుంది. ఒకటి, ఒకే సర్వర్‌కు ఒకే లాగిన్ నుంచి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో కనెక్ట్ అవ్వనివ్వదు, 1219 ఎర్రర్ ఇస్తుంది. పాత కనెక్షన్లన్నీ నెట్ యూజ్‌తో తీసేసి మళ్లీ కట్టాలి. రెండోది, జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేస్తావు, ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపిస్తుంది, కానీ రాత్రి షెడ్యూల్ చేసిన టాస్క్‌కు ఆ డ్రైవ్ కనపడదు. మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ మనిషి లాగిన్‌కే సొంతం. టాస్కుల్లో, సర్వీసుల్లో డ్రైవ్ అక్షరం కాకుండా రెండు గీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయి. దీని మీద నేను ఒకప్పుడు రెండు రాత్రులు పోగొట్టుకున్నా.

మూడోది ఈ మధ్య ఎక్కువైంది. పోయిన ఏడాది హనుమకొండలో తెలిసిన ఒక ల్యాబ్ నుంచి ఫోన్: కౌంటర్‌లో కొత్త కంప్యూటర్ పెట్టాం, రిపోర్టుల ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, పాతవాటిలో బాగానే ఉంది. పోయి చూస్తే పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా ఇచ్చిన షేర్ అది. కొత్తది విండోస్ 11 24హెచ్2 ప్రో. ఆ వెర్షన్ నుంచి ప్రోలో గెస్ట్ లాగిన్ ఆపేశారు, ఎస్‌ఎంబీ సైనింగ్ (పంపే ప్రతి ప్యాకెట్‌కూ సంతకం) తప్పనిసరి చేశారు. అంతకుముందే ఎవరో యూట్యూబ్ చూసి ఎస్‌ఎంబీ1 ఆన్ చేసి పెట్టారు, సమస్య దానిది కాకపోయినా. తమ్మీ, ఎవరు చెప్పినా ఎస్‌ఎంబీ1 ముట్టుకోకు. 2017 మేలో వాన్నాక్రై ప్రపంచమంతా తిరిగింది ఎస్‌ఎంబీ1లోని రంధ్రంలోంచే, అంతకు రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చినా వేసుకోని మెషీన్లు పోయాయి. అదే ఏడాది నుంచి విండోస్ 10లో దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యడమే మానేశారు, 2019లో వచ్చిన సాంబా 4.11 కూడా మామూలుగా దాన్ని ఆపే ఉంచుతుంది. ఇందరు కలిసి పాతిపెట్టినదాన్ని నువ్వు తవ్వకు. ఆ ల్యాబ్‌లో గెస్ట్ తీసేసి, కౌంటర్‌కు ఒక యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చా, పది నిమిషాల పని.

పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది తెలుగు రాసే మనకే ఎక్కువ తగులుతుంది, ఇంగ్లిష్ గైడ్లలో దొరకదు.

లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటు. తెలుగులో యూటీఎఫ్-8లో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, అదీ అక్షరానికి కాదు, హల్లుకు మూడు, గుణింతానికి మూడు, పొల్లుకు మూడు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే 85 గుర్తులకే నీ కోటా అయిపోతుంది. విండోస్ లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల దాకా పోవచ్చు. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పత్తి రకం అన్నీ ఫైలు పేరులోనే ఇరికిస్తే విండోస్‌లో డిస్క్ మీద సేవ్ అయిన ఫైలు ఉబుంటు షేర్‌లోకి కాపీ కాదు. ఇంకేదో తప్పు జరిగిందనుకుని నెట్‌వర్క్ కేబుల్ మార్చిన మహానుభావులను చూశా. ఫైలు పేరులో చిట్టీ నంబర్, తేదీ పెట్టు చాలు, మిగతాది ప్రోగ్రాంలో ఉండాలి.

నీ కెమెరా ప్రోగ్రాం ఫొటో పేరులో టైమ్ పెడుతుందా? 10:35 అని కోలన్‌తో పెడితే లినక్స్‌కు అభ్యంతరం లేదు, విండోస్‌కు కోలన్ పనికిరాదు. నక్షత్రం, ప్రశ్న గుర్తు, కొటేషన్ గుర్తు, నిలువు గీత, కోణాల బ్రాకెట్లు కూడా అంతే. అలాంటి పేరు వస్తే సాంబా దాన్ని కుదించి, మధ్యలో అలగుర్తు ఉన్న ఎనిమిది అక్షరాల అర్థం లేని పేరుగా చూపిస్తుంది. సాంబా పెట్టాక అలాంటివి కనిపిస్తే ఫైళ్లు పాడయ్యాయని భయపడకు, పేరులో కోలన్ ఉందో చూడు. ప్రోగ్రాం సెట్టింగ్‌లో దాన్ని హైఫన్‌గా మార్చుకో.

తెలుగులో పెద్దబడి చిన్నబడి గొడవ లేదు గాని, బండి నంబర్లలో ఉంది. టీఎస్ 03 అని కెమెరా క్యాపిటల్స్‌లో రాస్తుంది, కాంటా దగ్గరి పిల్లవాడు చిన్న అక్షరాల్లో కొడతాడు. లినక్స్‌కు అవి రెండు ఫైళ్లు, విండోస్‌కు ఒకటే. విండోస్ నుంచి చూస్తే రెండూ కనిపించి, ఏది నొక్కినా ఒకటే తెరుచుకునే వింత జరుగుతుంది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది కదా, ఎలాగూ నంబర్ల ఫార్మాట్ మార్చుకుని ఉంటారు, ఆ చేత్తోనే అన్నీ ఒకే తరహాలో పెట్టెయ్యండి.

ఇంకొక్కటి, మీ ఓనర్ గారి కొడుకు దగ్గర మ్యాక్ ఉందన్నావు. తెలుగులో ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద చిన్న ముక్క అని రెండు గుర్తులుగా. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కులు, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే రకం, పేర్లను విడగొట్టి దాచుకుంటాయి. అలాంటి డిస్క్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో లినక్స్‌లోకి తెస్తే "రైతు" అనే ఫోల్డర్ పక్కనే ఇంకో "రైతు" ఫోల్డర్ తయారవుతుంది, కొన్ని ఫైళ్లు దాంట్లో, కొన్ని దీంట్లో. వెతికితే దొరకవు. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. రైతు, వైద్యం, పైకం, కైకలూరు, ఐత్వం గుణింతంగా ఉన్న ప్రతి పేరుకూ ఈ ప్రమాదం ఉంది. మ్యాక్ కూడా సాంబా ద్వారానే రానివ్వు, నేరుగా ఆర్‌సింక్ చెయ్యనివ్వకు.

టాలీ డేటాను ఈ షేర్‌లోకి మార్చుదామన్న నీ ఆలోచన మానుకో. టాలీ ఉన్న విండోస్ సర్వర్ సొంత డిస్క్ మీదే దాని డేటా ఉండాలి. ఫొటో, చిట్టీ లాంటివి ఒకసారి రాసి మళ్లీ చదివే ఫైళ్లు, వాటికి నెట్‌వర్క్ షేర్ సరిపోతుంది. లెక్కల డేటా అలా కాదు, పది మంది ఒకేసారి లోపల చిన్న చిన్న ముక్కలు మారుస్తూ ఉంటారు, ఎవరు ఏ ముక్క పట్టుకున్నారన్న తాళాల లెక్క తప్పితే ఫైలే పోతుంది. అదే కారణంతో ఒకే ఫోల్డర్‌ను సాంబాతోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనూ ఒకేసారి రాయనివ్వకు, ఒకరు వేసిన తాళం రెండోవారికి కనిపిస్తుందన్న నమ్మకం లేదు.

టాలీ రోజువారీ బ్యాకప్‌ను మాత్రం ఉబుంటు వచ్చి తీసుకోవచ్చు. విండోస్‌లో ఆ బ్యాకప్ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే షేర్ చేసి, ఉబుంటులో సీఐఎఫ్‌ఎస్‌గా (ఎస్‌ఎంబీకే ఇంకో పేరు) మౌంట్ చెయ్యి. పాస్‌వర్డ్‌ను ఎఫ్‌స్టాబ్‌లో (ఏవేవి మౌంట్ చెయ్యాలో రాసే ఫైలు) రాయకు, దాన్ని అందరూ చదవగలరు. వేరే ఫైలులో పెట్టి 600 మోడ్ ఇచ్చి, ఎఫ్‌స్టాబ్‌లో ఆ ఫైలును చూపించు. అదే వరసలో నెట్‌డెవ్ (ముందు ఒక అండర్‌స్కోర్‌తో), నోఫెయిల్ రెండూ రాయి. ఇవి ఎందుకో చెప్తా. కరెంట్ పోతుంది, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది, మళ్లీ రాగానే రెండు సర్వర్లూ ఒకేసారి లేస్తాయి. విండోస్ లేవడానికి ఇంకా టైమ్ పడుతుంది, ఈలోపు ఉబుంటు దాని కోసం ఎదురుచూస్తూ బూట్ మధ్యలో ఆగి కూర్చోవచ్చు. బయట లారీలు లైన్ కట్టి ఉంటాయి, కాంటా లేదు, అందరూ నీ మొహమే చూస్తారు.

నోఫెయిల్ పెట్టాక ఇంకో ప్రమాదం, ఇది నాకే జరిగింది. ఒక చోట వేరే మెషీన్ షేర్‌ను మౌంట్ చేసి దాంట్లోకి కెమెరా ఫొటోలు రాయిస్తున్నా. ఒకరోజు మౌంట్ కాలేదు, ఎవరూ చూడలేదు. మౌంట్ కాకపోయినా ఆ ఖాళీ ఫోల్డర్ అక్కడే ఉంటుంది కదా, ప్రోగ్రాం దర్జాగా దాంట్లోనే రాసుకుంటూ పోయింది. నాలుగు రోజులకు డిస్క్ నిండి సర్వర్ ఆగింది. రీస్టార్ట్ చేస్తే షేర్ మౌంట్ అయింది, ఆ నాలుగు రోజుల ఫొటోలు మాయం. ఎక్కడికీ పోలేదు, మౌంట్ కింద కప్పబడిపోయాయి, అన్‌మౌంట్ చేస్తే కనిపించాయి, కానీ అది తట్టేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. అప్పటినుంచి మౌంట్ చెయ్యకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కు చాటర్ కమాండ్‌తో మార్చరాని గుర్తు పెడతా. మౌంట్ లేకపోతే రాయడమే ఫెయిల్ అవుతుంది, అరుపు వెంటనే వినిపిస్తుంది.

పాత సెంట్‌ఓఎస్ 7 డబ్బా గురించి: దానికి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. వీలైతే డెబియన్ వేసుకో. దానికి ఏ షేరూ వద్దు, అది రాత్రిపూట ఎస్‌ఎస్‌హెచ్ మీద ఆర్‌సింక్‌తో ఉబుంటు నుంచి లాక్కోవాలి, మిగతా రెండు సర్వర్లకూ దాని పాస్‌వర్డ్ తెలియకూడదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఎవరో లింక్ నొక్కి రాన్సమ్‌వేర్ వచ్చిందనుకో, అది మ్యాప్ చేసి ఉన్న డ్రైవులన్నీ తాళం వేస్తుంది. దానికి దారి తెలియని చోట ఒక కాపీ ఉండాలి. ఏడు రోజుల కాపీలు విడివిడిగా ఉంచు, లేకపోతే తాళం పడ్డ ఫైళ్లనే బుద్ధిగా కాపీ చేసుకుని కూర్చుంటుంది.

ఎప్పుడైనా రెండు లినక్స్‌ల మధ్య ఎన్‌ఎఫ్‌ఎస్ పెడితే ఒక్క జాగ్రత్త. ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో నెట్‌వర్క్ అడ్రస్‌కూ, దాని వెనక బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ రాకూడదు. ఖాళీ పడితే అర్థమే మారిపోతుంది: నీ నెట్‌వర్క్‌కు మామూలు ఆప్షన్లు, బ్రాకెట్‌లో రాసిన రాసే హక్కు మాత్రం ప్రపంచమంతటికీ. ఎర్రర్ కూడా రాదు. అలాగే ఎస్‌ఎంబీ నడిచే 445 పోర్ట్‌ను రౌటర్‌లో బయటికి తెరవకు, ఎనుమాముల మార్కెట్ ఆఫీసు నుంచి చిట్టీలు చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి.

స్పీడు తక్కువన్నావు, సెకనుకు 11 ఎంబీ. ఆ అంకె చూడగానే షేర్ సెట్టింగుల వైపు కాదు, కేబుల్ వైపు చూడాలి. గిగాబిట్ లైన్‌లో పెద్ద ఫైలు 110 దాకా పోవాలి, 11 అంటే ఎక్కడో లైన్ 100 మెగాబిట్‌కు పడిపోయింది. కేబుల్‌లో ఎనిమిది తీగల్లో ఒక్కటి తెగినా గిగాబిట్ రాదు, మిల్లులో ఎలుకలకు కొదవా. ముందు కాంటా రూము నుంచి ఆఫీసుకు వచ్చే లైన్ క్రింపింగ్ చూడు.

ఇదంతా శనివారం రాత్రి కాంటా ఆగినాక మొదలుపెట్టు, పగలు చెయ్యకు. ముందు ఉత్త పరీక్ష ఫోల్డర్ ఒకటి షేర్ చేసి, విండోస్ నుంచి ఒక తెలుగు పేరు ఫైలు రాసి, ఉబుంటులో కెమెరా యూజర్‌తో దాన్ని మార్చి, మళ్లీ విండోస్‌లో తెరువు. అది తెరుచుకుంటేనే అసలు ఫోల్డర్ జోలికి పో. తెరుచుకోకపోతే టెస్ట్‌పార్మ్ చూపించింది, ఆ ఫోల్డర్ లిస్ట్‌లోని మొదటి నాలుగు వరసలు ఇక్కడ పెట్టు, పాస్‌వర్డ్‌లు తీసేసి.